పలకల షెడ్డులో ఛాతీ పెంపకం

అరవై దాటిన మేనత్త ఇంటికొస్తే ఎవరైనా కుర్చీ వేసి కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతారు. మా అన్న కూతురు శైలజ మాత్రం నన్ను దూలానికి వేలాడదీసింది. పోయిన చలికాలం నాకు నిమ్ము చేసి నెల్లాళ్ళు మంచం పట్టాను. లేచాక చూసుకుంటే పొయ్యి మీది కుక్కరు దించడానికి కూడా చేతుల్లో సత్తువ లేదు. గిద్దలూరులో నన్ను చూసే డాక్టరు, మందులతో తన పని అయిపోయింది, ఇక ఛాతీకీ భుజాలకూ ఏదో ఒక కసరత్తు మీరే చేసుకోవాలి అన్నాడు. ఆ మాట ఫోనులో శైలజ చెవిన వెయ్యడం నా బుద్ధితక్కువ. మర్నాడు పొద్దున్నే కారు పంపించి నన్ను మార్కాపురంలోని తన జిమ్ముకు రప్పించుకుంది. ఒకప్పుడు మా నాయన పలకలు కోయించిన షెడ్డు అది. రాతి పలకలు పోయి ప్లాస్టిక్కువి వచ్చాక, అవీ పోయి పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాక, చాలా ఏళ్ళు తాళం పడి ఉండింది. ఇప్పుడు దానికి నిలువుటద్దాలు, ఏసీ, చెవులు చిల్లులు పడే పాటలు పెట్టి శైలజ జిమ్ము నడుపుతోంది.

దూలం నుంచి పసుపూ నలుపూ రంగుల్లో రెండు పట్టీలు దిగి ఉన్నాయి. వాటి చివర చేత్తో పట్టుకోవడానికి పిడులు. ఎవరో ఉట్లు కట్టి, కుండలు పెట్టడం మరిచిపోయినట్టుంది. ఆ పిడులు పట్టుకుని, కాళ్ళు వెనక్కి జరిపి, ఒళ్ళు కర్రలా బిగించి ముందుకు వాలాలట. మోచేతులు వంగుతూ రొమ్ము రెండు పిడుల మధ్యకు రావాలి, ఆ తర్వాత తోసుకుంటూ లేవాలి. కాళ్ళు ఎంత వెనక్కి జరిపితే మన బరువు మనకు అంత తెలుస్తుందట. గోడకు చేతులానించి తోసినా ఇదే కదా అని అడిగాను. గోడ కదలదు, పట్టీ కదులుతుంది, కదిలేదాన్ని అదుపులో పెట్టుకోవడంలోనే బలం వస్తుందని శైలజ వివరించింది. నలభై ఏళ్ళు సంసారం చేసినదానికి ఈ సంగతి కొత్తగా చెప్పాలా అనుకున్నాను. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందన్న సామెత నన్ను చూసే పుట్టి ఉంటుందనిపించినా, కొంగు బిగించి వాలాను. కాసేపటికే చంకల దగ్గర నరాలు వణకడం మొదలుపెట్టాయి.

నా పక్కన కసరత్తు చేస్తున్న కుర్రాళ్ళను చూస్తే మాత్రం నవ్వు ఆగలేదు. ఒక్కొక్కడూ రెండుసార్లు వాలి నాలుగుసార్లు అద్దం చూసుకుంటాడు. తర్వాత బనీను పైకెత్తి ఫోటో తీసుకుంటాడు. తర్వాత ఒక డబ్బా గిలకరించి, అందులోని తెల్లటి పిండినీళ్ళు గటగటా తాగి, ఈ గుక్కకు రొమ్ము ఏమైనా పెరిగిందా అని మళ్ళీ అద్దం చూస్తాడు. ఇంత రొమ్ము పెంచి ఏం చేస్తావు నాయనా అని ఒకడిని అడిగితే, షర్టు బాగా కూర్చుంటుంది అవ్వా అన్నాడు. మా కాలంలో మనిషి కొలతకు చొక్కా కుట్టించేవాళ్ళు. ఇప్పుడు చొక్కా కొలతకు మనిషిని కుట్టించుకుంటున్నారు.

అద్దం పక్కన గోడకు మా అన్న రమణయ్య ఫోటో ఉంది. దాని కింద ఎర్ర అక్షరాల బోర్డు. "మా నాయన సిగరెట్లకు ఊపిరి పోగొట్టుకున్నాడు. మీరు పోగొట్టుకోవద్దు" అని రాయించింది. కొత్తగా చేరినవాళ్ళందరినీ ఆ బోర్డు ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇస్తుందట. ఆ పొద్దున నా ఎదుటే ఇద్దరికి ఇచ్చింది. "చూడండి, పహిల్వాను మాదిరి ఉన్నాడు కదా. ఒక్క అలవాటు మానలేకపోయినాడు. మనసు గట్టిగా లేనోనికి రొమ్ము ఎంత ఉంటే ఏంది?" అంది. ఆ గొంతులో తండ్రి మీద జాలి కాదు, చిన్నచూపు ఉంది. నేను పట్టీలు పట్టుకుని వాలినదాన్ని వాలినట్టే ఉండిపోయాను. మా అన్న జన్మలో సిగరెట్టు తాగలేదు. జేబులో పెట్టుకున్నాడు, నలుగురిలో వెలిగించాడు, వేళ్ళ మధ్య పట్టుకుని తిరిగాడు. తాగింది మాత్రం లేదు. ఇంట్లో పాతవాళ్ళందరికీ తెలిసిన ఆ సంగతి, కన్నకూతురికి తెలియదని నాకు అప్పుడే తెలిసింది.

మా ఇల్లు ముందు, షెడ్డు వెనక. మధ్యలో ఒక గోడ, ఆ గోడకు తలుపు లేని గుమ్మం. అక్కడ తలుపు పెట్టించమని అమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ అడుగుతూనే ఉండేదట. తలుపు పెడితే పనివాళ్ళు ఏం చేస్తున్నారో కనిపించదని నాయన పెట్టించలేదు. దాంతో పనివాళ్ళు నాయనకు కనిపించేవాళ్ళు, దుమ్ము మాకందరికీ కనిపించేది. కోత మిషను గుర్రుమని మొదలయ్యిందంటే రాతి పొడి పొగమంచులా లేచి, గుమ్మం దాటి, వంటింట్లోకి వచ్చి కూర్చునేది. పెరుగు మీద మీగడ బూడిదరంగు. ఆరేసిన పంచెలు బూడిదరంగు. మా అవ్వ నెరిసిన జుట్టులో ఎంత వయసుదో ఎంత షెడ్డుదో చెప్పడం కష్టం. అమ్మ ప్రతి గిన్నె మీదా మూత, మూత మీద గుడ్డ, గుడ్డ మీద మళ్ళీ మూత పెట్టేది. అయినా అన్నంలో పళ్ళకింద కరకరమనేది. ఇప్పటికీ వానపడి రాయి తడిసిన వాసన వస్తే నాకు మా అమ్మ చారు గుర్తొస్తుంది. రాష్ట్రంలో సగంమంది పిల్లలు మా ఊరి పలకల మీదే అ ఆలు దిద్దుకున్నారని నాయన గొప్పగా చెప్పేవాడు. నిజమే కావచ్చు. అక్షరాలు వాళ్ళకు వెళ్ళేవి, దుమ్ము మాకు మిగిలేది.

నాయన ఎప్పుడూ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గాలి తిరిగితే లేచి కుర్చీ తిప్పుకునేవాడు. దుమ్ము ఎవరినీ ఏమీ చెయ్యదని దినామూ చెప్పే మనిషి, దినామూ గాలి వాలు చూసుకుని కూర్చోవడంలోని వింత మాకెవరికీ తట్టలేదు. తట్టినా అడిగే ధైర్యం ఎవరికుంది. సాయంత్రం మిషను ఆగగానే అవ్వ బెల్లం దిమ్మె పగలగొట్టి పళ్ళెంలో పోసేది. పనివాళ్ళకు తలా ఒక ముక్క పంచడం నా పని. గొంతులో పట్టిన దుమ్మును బెల్లం కడుపులోకి లాగేస్తుందనీ, కడుపులోకి పోయింది ఎట్లాగూ తెల్లారి బయటికి పోతుందనీ మా వాడలో షెడ్లన్నిటికీ ఒకటే వైద్యం. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే పిరికివాడు, బెల్లం నమిలితే మొనగాడు. మిషను మీద రాయి కోసే దస్తగిరి దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, అవ్వ జాలిపడి ఇంకో ముక్క వేసేది. అంతకు మించిన యాజమాన్యం మా వాడలో ఎవరికీ చేతకాలేదు.

అన్న ఇంటరు తప్పాక షెడ్డులోనే కూర్చోబెట్టారు. అప్పుడే నాయనకు ఒక ఆలోచన వచ్చింది. గనుల నుంచి వచ్చే రాళ్ళ లారీలను దారిలో పోలీసులు ఊరికే ఆపుతున్నారు. ఇంట్లోనే ఒక పోలీసు ఉంటే ఆ బాధ ఉండదు కదా. తరతరాలుగా తక్కెడ పట్టిన ఇంట్లో లాఠీ పుట్టాలని ఆయన తీర్మానించాడు. అన్నకు లారీల సంగతి పట్టదు. వాడికి కావాల్సింది ఆ షెడ్డు నుంచి బయటపడటం. ఒకరోజు మిద్దె మీద వడియాలకు కాపలా కూర్చున్నప్పుడు నాతో అన్నాడు. "పొద్దున ఏసుకున్న చొక్కా సాయంత్రానికి గూడా అదే రంగులో ఉండే ఊరు ఉంటాది కదామ్మే, ఆ ఊరికి పోతా. పోలీసయితే ఏంది, బంట్రోతయితే ఏంది." ఎత్తు ఉంది, పరుగు ఉంది. ఛాతీ ఒక్కటే లేదు. పోలీసు ఎంపికలో టేపు చుట్టి కొలుస్తారు, ఊపిరి పీల్చాక ఇంకొంత పెరిగిందా అని మళ్ళీ కొలుస్తారు. మా అన్నదేమో వెనక దీపం పెడితే వెలుతురు దాటి వచ్చేంత సన్నపు ఒళ్ళు.

మంగలిషాపులో చిరిగిన పత్రికలో ఎవరో పరదేశి పహిల్వాను రెండు పట్టీలకు వేలాడుతున్న బొమ్మ వాడి కంట పడింది. మర్నాడే కోత మిషనుకు వాడగా తెగిపోయిన బెల్టులు రెండు తెచ్చి షెడ్డు దూలానికి కట్టాడు. పారపిడి రెండు ముక్కలు చేసి చేతిపట్లు పెట్టాడు. ఇప్పుడు శైలజ డబ్బు పోసి తెప్పించిన సరంజామా మా అన్న తుక్కులోంచి ఏరుకున్నదే. పగలంతా షెడ్డులో పని కాబట్టి, సాయంత్రం మిషను ఆపగానే కసరత్తు మొదలు. అప్పటికి దుమ్ము ఇంకా గాల్లోనే తేలుతూ, కిటికీలోంచి పడే ఎండలో తళతళా మెరుస్తూ ఉండేది. ఆ దుమ్ములో మా అన్న పట్టీల మీద ముందుకు వాలుతూ, వెనక్కి లేస్తూ, గుండెల నిండా పీల్చేవాడు. చుట్టూ పనివాళ్ళు బెల్లం చప్పరిస్తూ చూసేవాళ్ళు. పీల్చు చిన్నశెట్టీ, ఇంకా గట్టిగా పీల్చు, గాలి ఎంత మింగితే రొమ్ము అంత లేస్తాదని దస్తగిరి హుషారు చేసేవాడు. నాయన వాకిట్లోంచే, గాలికి ఎదురు లేకుండా కూర్చుని, తృప్తిగా తలాడించేవాడు. ఊరవతల ఎన్ని మైదానాలున్నాయి, ఎన్ని చింతచెట్లున్నాయి. గాలి పీల్చడానికి గాలి లేని చోటే ఎంచుకున్న వంశం మాది.

మా ఇంట్లో గుడ్డు పేరెత్తితే అవ్వ తలస్నానం చేసేది. అందుకని దస్తగిరి వాళ్ళింటి ఆడవాళ్ళు నాటుకోడి గుడ్లు కొంగుల్లో దాచుకుని తెచ్చేవాళ్ళు, అన్న పలకల చట్రాల రంపపు పొట్టు గోతాల వెనక నిలబడి పచ్చివే మింగేవాడు. మూతి తుడుచుకుని వచ్చి అవ్వ ఎదుట సంధ్యవార్చినవాడిలా కూర్చునేవాడు. ఏడాది తిరిగేసరికి చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. దర్జీ రెండుసార్లు పక్కలు వదిలాడు. అన్న బజారులో రొమ్ము విరుచుకుని నడుస్తుంటే కొట్లలోంచి మనుషులు తొంగిచూసేవాళ్ళు. అవ్వ శనివారం శనివారం ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఘాటుకు మేమంతా కాసేపు దగ్గి ఊరుకునేవాళ్ళం, అన్న మాత్రం దగ్గు ఆపలేకపోయేవాడు. చూశారా ఎంత దిష్టి ఉందో అని అవ్వ మురిసిపోయేది.

ఒంగోలులో ఎంపిక జరిగింది. నాయన, అన్న కలిసి వెళ్ళారు. పరుగులో కాస్త వెనకబడినా నెగ్గాడట. టేపు చుడితే కావాల్సిన దానికన్నా ఎక్కువే వచ్చిందట. కొలిచేవాడు మెచ్చుకుని, ఇప్పుడు ఊపిరి పీల్చు అన్నాడు. అన్న పీల్చాడు. టేపు కదల్లేదు. మళ్ళీ పీల్చమన్నాడు. మొహం ఎర్రబడింది, మెడనరాలు ఉబ్బాయి, టేపు ఉన్నచోటే ఉంది. పైన పటారం లోన లొటారం అని కొలిచేవాడు నవ్వి, పేరు కొట్టేశాడు. ఇంటికి వచ్చాక ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం కనిపెట్టారు. నాయన టేపును అనుమానించాడు. అవ్వ దిష్టిని అనుమానించింది. దస్తగిరి గుడ్లు చాల్లేదన్నాడు. మర్నాడు పొద్దున్నే అన్న బూడిదరంగు చొక్కా వేసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. వాడి మొహం చూసి నేను గోడ చాటున ఏడ్చాను.

దగ్గు ముదిరాక కర్నూలు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన ఎక్సరే వెలుతురుకు పెట్టి చూసి, ఏం వ్యాపారం అని అడిగాడు. నాయన చెప్పగానే, ఇంక అడగడానికేముంది, రాతిదుమ్ము లోపల గడ్డకట్టింది, రొమ్ము పైకి పెరిగింది గానీ లోపల సాగదు, ఇక షెడ్డులోకి అడుగు పెట్టనివ్వకండి అన్నాడు. తిరుగు బస్సులో నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కొడుకు కోసం బాధపడుతున్నాడనుకున్నాను. బాధ కూడా పడ్డాడేమో, అన్యాయంగా ఎందుకనాలి. బస్సు దిగేముందు మాత్రం మా ఇద్దరి వైపూ తిరిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"దుమ్ము అనే మాట ఇంట్లో ఎవురి నోట్లోంచీ రాకూడదు. శెట్టి కొడుక్కే వచ్చిందంటే రేపు ఒక్కడు గూడా మిషను కాడికి రాడు. సిగరెట్లు తాగి పాడు చేసుకున్నాడని చెప్తా. నువ్వు గూడా అట్లనే చెప్పు రమణా."

అన్న తలూపాడు. తండ్రి ఎదుట తల అడ్డంగా ఊపడం వాడికి ఎవరూ నేర్పలేదు. బస్టాండులో దిగగానే నాయన స్వయంగా బంకు దగ్గరికి వెళ్ళి సిగరెట్టు పెట్టె కొని, కొడుకు పైజేబులో అందరికీ కనిపించేలా పెట్టాడు. కొడుకు నోట పొగ కనిపిస్తే చెప్పు తీసుకునే తండ్రులను చూశాను గానీ, చేత్తో కొనిచ్చి చెడ్డపేరు తెచ్చిపెట్టిన తండ్రిని మా ఇంట్లోనే చూశాను. ఆ రోజు నుంచి అన్న రోజూ సాయంత్రం టీకొట్టు దగ్గర ఒక సిగరెట్టు వెలిగించి, అది వేళ్ళ మధ్య తనంత తనే కాలిపోయేదాకా పట్టుకుని నిలబడేవాడు. ఒక పెట్టె నెలలకు నెలలు వచ్చేది. మిగిలినవి లారీ డ్రైవర్లకు పంచేవాడు. బేస్తవారిపేట సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు, పిల్లవాడికి సిగరెట్టు ఒక్కటే అలవాటు అని నాయన తనే ముందుగా చెప్పాడు. కొడుకు లోపం దాచకుండా చెప్పిన ఇంత సత్యసంధుడు ఎక్కడ దొరుకుతాడని వాళ్ళు అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నారు.

పనివాళ్ళూ నమ్మారు. అన్నకు వచ్చింది పొగ జబ్బని తెలిశాక దస్తగిరి భయపడి బీడీలు మానేశాడు. మిషను మానలేదు. మా అన్న కన్నా ముందే పోయాడు. అప్పుడు కూడా నాయన, వాడు బీడీలు కాస్త ముందే మానాల్సిందని అందరి ముందూ విచారించాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. నాకు పెళ్ళయి గిద్దలూరు వచ్చేశాను. వదిన, శైలజకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయింది. పిల్ల తాత చేతుల్లో పెరిగింది. నేను పండక్కీ పబ్బానికీ వచ్చి పోయేదాన్ని. తండ్రి సంగతి ఆ పిల్లకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారని ఊరుకున్నాం అందరమూ.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు రొమ్ము పెంచడానికి ఒక కారణం ఉండేది, గాలి ఉండేది కాదు. ఇప్పుడు ఏసీ పెట్టి కడిగిన గాలి ఉంది, కారణం మాత్రం అద్దంలో వెతుక్కోవాలి. పీల్చండి, పీల్చండి అని ఆ షెడ్డులోనే శైలజ అరుస్తుంటే కుర్రాళ్ళు హాయిగా పీలుస్తున్నారు, వాళ్ళ పక్కటెముకలు సాగుతున్నాయి. వాళ్ళను చూసి ఇంతసేపూ ఎగతాళి చేశాను గానీ, ఆ సాగే రొమ్ములు చూస్తే నాకు అసూయ కూడా వేసింది. ఆ కాస్త సాగి ఉంటే మా అన్న ఏదో ఒక ఊళ్ళో రిటైరైన హెడ్ కానిస్టేబులుగా, బొజ్జ వేసుకుని, నన్ను తిడుతూ ఉండేవాడు.

కుర్రాళ్ళంతా వెళ్ళాక శైలజ పాటలు ఆపింది. నేను పట్టీలు వదిలేసి చాప మీద కూర్చుని ఉన్నదంతా చెప్పాను. ముందు నమ్మలేదు. తాత తనను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడంది. మీ తాత ఏ అబద్ధమైనా ఒళ్ళో కూర్చోబెట్టుకునే చెప్పేవాడన్నాను. మీ నాయన దగ్గర ఏనాడైనా పొగ వాసన వచ్చిందా అని అడిగాను. తల తిప్పి గోడ మీది ఫోటో చూసింది. రాలేదు, యాలక్కాయలు నమిలి వస్తాడనుకునేదాన్ని అంది. ఆ తర్వాత గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి నా పక్కన కూర్చుంది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పాఠం అప్పజెప్పినట్టు, నా మొహం చూడకుండా చెప్పుకుంటూ పోయింది.

"ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి ఆ పెట్టె కాలవలో పారేసి, నా మీద ఒట్టెయ్యి నాయనా అని ఏడ్చినా. నా తల మీద చెయ్యి పెట్టి, నేను తాగనమ్మా, నీ మీద ఒట్టు అన్నాడు. తెల్లారి చూస్తే జేబులో ఇంకో పెట్టె. తాతకు చూపించినా. నీ తల మీద ఒట్టేసి గూడా మానలేదు చూడు, అట్లాంటోడు మీ నాయన అన్నాడు తాత."

మా నాయన మీద ఎన్ని మాటలు అని ఉంటానో లెక్క లేదు. ఆ మాటకు సరిపడే తిట్టు మాత్రం నాకు దొరకలేదు. శైలజ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, దాని మెడ బిగుసుకోవడం చూసి ఆగిపోయాను. అది దూలం వైపు చూస్తూ మిగిలిన మాట చెప్పింది.

"ఆ పొద్దు నుంచి ఆయన చెయ్యి నా తల మీద పెట్టనియ్యలేదత్తా. దువ్వబోతే తప్పుకునేదాన్ని. పోయేముందు మాట రాలేదు ఆయనకు. చెయ్యి ఒక్కటే ఎత్తినాడు. నేను లేచి కిటికీ కాడికి పోయి నిలబడినా."